వంపు తిరిగిన వీధి

నగరి దాటి పుత్తూరు దారిలో కొంచెం దూరం వెళితే ఎడమ పక్కన చేనేత సహకార సంఘం వాళ్ల కాలనీ లేస్తోంది. మొత్తం ముప్పై రెండు ఇళ్లు. తూర్పు వరసలో బయటి గోడలు నడుమెత్తుకు వచ్చాయి. పడమటి వరస ఇంకా బేస్‌మట్టం దగ్గరే ఉంది. ఆ ఇళ్లకు ప్లాను గీసింది ఉదయలక్ష్మి. ఆమె ఆర్కిటెక్టు. తిరుపతిలో ఒక ఆఫీసులో పదకొండేళ్లుగా పనిచేస్తోంది గానీ, ప్లాను కింద తన పేరు, తన రిజిస్ట్రేషను నంబరు రాసుకున్నది మాత్రం ఇదే మొదటిసారి.

ఆ బుధవారం ఆమె తిరుపతిలో మొదటి బస్సెక్కి, ఏడు గంటలకల్లా కాలనీ దగ్గర దిగింది. గోడలకు నీళ్లు సరిగ్గా పడుతున్నారో లేదో చూసి పోదామని వచ్చింది. దిగేసరికి రోడ్డు వారన ముగ్గురు మనుషులు కనిపించారు. సంఘం ప్రెసిడెంటు కుప్పయ్య ఒక కొసన నిలబడి పురికొస పట్టుకున్నాడు. ఆయనకు డెబ్బై దాటాయి. నలభై గజాల అవతల, పురికొస రెండో కొస పట్టుకుని అలివేలమ్మ. ఆమె ఇంకా చేతిమగ్గం మీద నేసే మనిషి. ఇద్దరికీ మధ్యన అడుగులు లెక్కపెట్టుకుంటూ నడుస్తున్నది ఉదయలక్ష్మి సొంత తల్లి తాయమ్మ.

మద్రాసు లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ వాళ్లను ఒరుసుకుపోయింది. అలివేలమ్మ చీరకుచ్చిళ్లు పట్టుకుని గుంతలోకి ఎగిరి దూకింది. అప్పుడే కుప్పయ్య ఉదయలక్ష్మిని చూశాడు. చూసీ చూడగానే పురికొసను చేతికి చుట్టుకుని చొక్కా జేబులో వేసుకున్నాడు.

"ఏంది తాతా, పొద్దన్నే రోడ్డు మీద?"

"ఏం లేదు పాపా. ఊరికే. కాళ్లు సాగల్లని నడస్తా ఉండాం."

"దారం పట్టుకోని నడస్తారా?"

"ముసలోడు యాడన్నా తప్పిపోతాడేమోనని కట్టినాం లేమ్మే!" అంది అలివేలమ్మ గుంతలోంచి పైకొస్తూ.

కుప్పయ్య నవ్వాడు. అలివేలమ్మ ఇంకా గట్టిగా నవ్వింది. తాయమ్మ మాత్రం నవ్వలేదు. "కాఫీ తాగినావా?" అని కూతుర్ని అడిగి, జవాబు వినకుండానే ఇసుక కుప్ప వైపు నడిచింది.

ఉదయలక్ష్మి వెంట వెళ్లింది.

"అమ్మా, ఏం కొలస్తా ఉండారు?"

"మాకేం కొలతలు తెలుసు. కొలతలన్నీ నీకే గదా తెలిసేది."

"అమ్మా."

తాయమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. తుడుచుకోవడానికి అక్కడ చెమటేమీ లేదు. "పడుగు యాడ సాగదీసేదని సూస్తా ఉండారు," అంది చివరికి. "లోపల కుదరదు గదా."

ఉదయలక్ష్మికి వెంటనే అర్థం కాలేదు. తర్వాత వెనక్కి తిరిగి కాలనీ వైపు చూసింది. రెండు వరసల ఇళ్ల మధ్య ఆమె గీసిన వీధి కొడవలిలా మెత్తగా వంగి ఉంది. నడిమధ్యన ఆడవాళ్లు కూర్చుని మాట్లాడుకునేందుకు గుండ్రంగా ఒక అరుగు. వంపు ఉంటే ఎండ ఒకేసారి వీధంతా పడదనీ, ఒకరి గుమ్మంలోకి ఒకరికి కనబడదనీ ఆమె ఆ గీత గీసింది. కాగితం మీద అది చాలా అందంగా ఉంది. చూసినవాళ్లందరూ మెచ్చుకున్నారు.

చేతిమగ్గానికి పడుగు కావాలంటే నిలువు పోగులన్నిటినీ ఆరేడు చీరల పొడవున వీధిలో సాగదీయాలి. కర్రల మీద తాళ్లతో బిగించి, గంజి పెట్టి, కుంచెతో దువ్వి, ఎండ ముదరక ముందే ఆరబెట్టాలి. నలభై గజాలు తిన్నగా ఉండాలి. గీత కొంచెం వంకర పోయినా ఒక పక్క పోగులు బిగుసుకుని, ఇంకో పక్కవి వదులై తెగిపోతాయి. ఇదంతా ఉదయలక్ష్మికి తెలియని సంగతి కాదు. విన్నదే. కానీ కళ్లతో చూసింది కాదు. ఆమె పుట్టకముందే వాళ్ల తాత చేతిమగ్గం పోయింది. నాయన ఎల్లప్ప మరమగ్గాల షెడ్డులో లుంగీలు నేసేవాడు. మరమగ్గానికి పడుగు మిల్లు నుంచి చుట్టుకునే వస్తుంది. వీధితో దానికి పనిలేదు.

"అందరికీ తెలుసా?" అని అడిగింది.

"సున్నం గీతలు పోసిన దినమే తెలుసు."

"మూడు నెల్ల నుంచీనా? మరి ఎవురూ ఎందుకు చెప్పలా?"

"ఏమని చెప్తారు? మన బిడ్డ గీసింది గదా. పెద్దాఫీసర్లు వచ్చినారు, ఫోటోలు తీసినారు. ఆ మందిలో లేచి ఇది తప్పని ఎవురంటారు? రోడ్డు మీద సాగదీసుకుందాంలే, తెల్లారకముందే లేస్తే సరిపోతాది అనుకున్యారు." తాయమ్మ గొంతు తగ్గించింది. "నేనూ అనలా. ప్రారంభం రాయి మీద నీ పేరు సూడల్లని ఆశపడినా."

ఇంకో లారీ వెళ్లింది. దుమ్ము పడి ఇద్దరూ కళ్లు మూసుకున్నారు.

*

మరమగ్గాల వీధిలో పెరిగిన పిల్లలు గట్టిగా మాట్లాడతారు. ఆ చప్పుడులో మామూలుగా మాట్లాడితే పక్కనున్న అమ్మకు కూడా వినబడదు. కాలేజీలో చేరిన కొత్తలో "నువ్వెందుకు ఎప్పుడూ అరుస్తావు?" అని తోటి పిల్లలు ఉదయలక్ష్మిని వెక్కిరించేవాళ్లు. ఆమె గొంతు తగ్గించుకోవడం నేర్చుకుంది. కొంతకాలానికి అవసరమైన చోట కూడా గొంతు లేవడం మానేసింది.

వాళ్ల వీధిలో ఆర్కిటెక్టు అన్న మాటకు అర్థం తెలిసినవాళ్లు లేరు. ఇంజనీరంటే తెలుసు, మేస్త్రీ అంటే తెలుసు. "ఇల్లు మేస్త్రీ కడతాడు, దుడ్లు మనం ఇస్తాం, మధ్యలో ఈ బిడ్డ ఏం చేస్తాది?" అని ఎల్లప్పను అడిగేవాళ్లు. ఆయన "ఏదో చేస్తాదంటప్పా, చేయనీ," అనేవాడు. కూతురు డిగ్రీ కాగితం తెచ్చిన సంవత్సరమే ఆయన ఊపిరితిత్తుల్లో నూలు పీచు చేరి పోయాడు.

కాలేజీలో శకుంతలమ్మ అనే టీచరు ఉండేది. ఆమె ఒకరోజు అమెరికాలో మొట్టమొదట ఆర్కిటెక్టులైన నల్లజాతి ఆడవాళ్ల గురించి పాఠం చెప్పింది. వాళ్లలో చాలామందికి ఉద్యోగం దొరకడమే గగనమైందట. దొరికినా వెనక గదిలో కూర్చోబెట్టి గీయించుకునేవాళ్లట. కట్టడం లేచాక ముందు నిలబడే పేరు వేరే వాళ్లది. చివర్లో టీచరు, "పేరు దక్కకపోవడం ఒక బాధ. అంతకంటే పెద్ద బాధ ఇంకొకటి ఉంది. వాళ్లకు తప్పు చేసే హక్కు లేదు. మామూలు మనిషి తప్పు చేస్తే ఆ మనిషి తప్పంటారు. వీళ్లు చేస్తే మీ ఆడవాళ్లంతా ఇంతే అంటారు," అంది. ఉదయలక్ష్మి ఆ మాటలు నోటుబుక్కు వెనక రాసుకుంది. అప్పుడామెకు మొదటి బాధే అర్థమైంది. పేరు సంగతి.

తిరుపతి ఆఫీసులో చేరాక అది మరీ బాగా అర్థమైంది. లాడ్జీలు, కల్యాణ మండపాలు, ఒక ఆసుపత్రిలో కొత్త వార్డు, శ్రీ సిటీ ఫ్యాక్టరీల పనివాళ్లకు హాస్టలు. అన్నీ ఆమె గీసింది. కింద సంతకం మాత్రం ఆఫీసు యజమాని బాలసుబ్రమణ్యానిది. ఆయన చెడ్డవాడు కాదు. జీతం ఒకటో తేదీకే ఇచ్చేవాడు, పని నేర్పాడు. గృహప్రవేశాలకు మాత్రం ఆయన వెళ్లేవాడు, ఆమె ఆఫీసులో ఉండేది. ఈ చేనేత కాలనీ వచ్చినప్పుడు కుప్పయ్య తిరుపతికి వచ్చి పట్టుబట్టాడు. "మా బిడ్డ పేరే ఉండల్ల సార్. లేకుంటే మాకీ ప్లానే వద్దు," అన్నాడు. బాలసుబ్రమణ్యం కాసేపు పెన్ను తిప్పుతూ కూర్చుని సరేనన్నాడు.

*

బుధవారం మధ్యాహ్నం ఆమె ఆఫీసుకు వచ్చి బాలసుబ్రమణ్యం ముందు ప్లాను పరిచింది. జరిగింది చెప్పింది. వంపు కడుపులో పడే నాలుగు బేస్‌మట్టాలు పగలగొట్టి వెనక్కి జరిపి, అరుగు తీసేస్తే వీధి తిన్నగా వస్తుందని పెన్సిలుతో గీసి చూపింది.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "దీనికి సులువైన దారి ఉందమ్మా. ఈ మార్పు మేమే అడుగుతున్నాం అని సంఘం చేత ఒక లెటరు రాయించు. కుప్పయ్య రాస్తాడు. పని అయిపోతుంది, నీ మీద మచ్చ పడదు."

"వాళ్లు అడిగితే ఆ నాలుగిళ్ల సర్కారు మంజూరు రద్దయి మళ్లీ మొదటికి వస్తాది సార్. ఆ నాలుగు కుటుంబాలూ కొత్త లిస్టులో కడాకు పోతాయి."

"ఆలస్యంగా అయినా ఇల్లొస్తుంది కదా."

"ఎప్పుడొస్తాదో ఎవరికి తెలుసు సార్. తప్పు ప్లానుది అని రాస్తే మంజూరు అట్లనే ఉంటాది, ప్లాను మాత్రం మారస్తారు."

"అవును. గీసినవాళ్లను మాత్రం రెండేళ్లు సర్కారు పనుల లిస్టులోంచి తీసేస్తారు. ఫైల్లో రాస్తారు. మొదటి సంతకానికే." ఆయన ఆమె వైపు చూశాడు. "పదకొండేళ్లు నీ గీతల కింద నా సంతకం ఉంది. నా పేరు నీకు అడ్డమని నువ్వు అనుకుని ఉంటావు, తప్పులేదు. కానీ ఆసుపత్రి వార్డు మెట్లు మళ్లీ కట్టాల్సి వచ్చినప్పుడు నాలుగు మాటలు పడింది ఎవరు? పేరు పైకొస్తే అది కూడా దాంతోనే వస్తుంది."

మెట్ల సంగతి ఆమె మరచిపోయింది. అందులో ఆయన చెప్పింది నిజమే.

సాయంత్రం ఆఫీసు నుంచి నడుస్తూ గోవిందరాజస్వామి గుడి ముందు ఆగింది. రోజూ ఆ దారినే పోతుంది, రోజూ చేతులు జోడిస్తుంది. ఆ రోజు తలెత్తి గోపురం అంచెలంచెలుగా చూసింది. అన్ని బొమ్మలు, అన్ని కొలతలు, ఇన్ని వందల ఏళ్లుగా ఒక్క రాయి పక్కకు జరగలేదు. ఎవరు గీశారో ఎక్కడా రాసి లేదు. స్వామి పనికి పేరెందుకు అనుకున్నారా ఆ మనుషులు? లేక పేరు రాసుకుంటామని అడిగే వీలే వాళ్లకు లేదా? పేరు లేకపోవడం భక్తి అని చిన్నప్పటినుంచి విన్నది. ఇప్పుడు నమ్మబుద్ధి కావడంలేదు. వాళ్లలో ఎవరో ఒకరు ఎప్పుడో ఒకసారి తప్పు గీసే ఉంటారు. అప్పుడు ఎవరు ముందుకొచ్చి నాదే అన్నారు? కొట్టించి మళ్లీ కట్టించినవాళ్లకు ఏమైంది?

స్వామి ఏమీ చెప్పలేదు. ఆమె కూడా గట్టిగా అడగలేదు. దండం పెట్టుకుని నగరి బస్సు ఎక్కింది.

*

నగరిలో కుప్పయ్య ఇంటి అరుగు మీద కుప్పయ్య, అలివేలమ్మ ఇద్దరూ ఉన్నారు. బాలసుబ్రమణ్యం ఫోను చేసినట్టుంది, కబురు అప్పటికే చేరింది. సంఘం కాగితం మీద ఉత్తరం రాసి సిద్ధంగా పెట్టాడు కుప్పయ్య.

"ఇదో పాపా, మేమే అడిగినామని రాసినా. సంతకాలు గూడా అయినాయి. నువ్వు మాట్లాడొద్దు."

"ఆ నాలుగిళ్లు ఎవురివి తాతా?"

అలివేలమ్మ చెప్పింది. "ఒకటి నాది. ఇంకొకటి ఉబేద్‌ది, రంగులద్దే సాయిబు. మిగతా రెండూ ముసలోళ్లవి. మేం ఆగుతాం లేమ్మే. ఇన్నేండ్లు బాడిగింట్లో లేమా?"

"మీరెందుకు ఆగల్ల? తప్పు నాది గదా."

కుప్పయ్యకు కోపం వచ్చింది. "నీది నీది అని ఊరంతా సాటుకుంటావా? నిన్ను సూసి మన వీధిలో ఇద్దరు ఆడబిడ్డలు పాలిటెక్నిక్ చేరినారు. రేపు వాళ్ల నాయనలు ఏమంటారు? ఉదయలక్ష్మి గీసిందే పగలగొట్టినారు, నీకెందుకే ఆ సదువు, ఇంట్లో ఉండు అంటారు. నీ పేరు నీ ఒక్కదానిదే అనుకున్యావా? అది మా అందరిదీ."

ఉదయలక్ష్మికి శకుంతలమ్మ చెప్పిన రెండో బాధ అప్పుడు తెలిసింది. కుప్పయ్య మాటలో అబద్ధమేమీ లేదు. ఆ ఇద్దరు పిల్లలనూ ఆమె ఎరుగును. ఒకరు సెలవుల్లో ఆమె పాత స్కేళ్లు అడిగి తీసుకుపోయింది. వాళ్ల కోసమైనా నోరు మూసుకోవాలేమో. కానీ నోరు మూసుకుని కాపాడిన పేరును ఆ పిల్లలకు ఇస్తే వాళ్లూ రేపు ఇట్లాగే నోరు మూసుకోవాలి. వాళ్ల ఎదురుగా కూడా జనం పురికొస జేబులో దాచుకుంటారు.

"తాతా," అంది. ఆమె గొంతు లేచింది. మరమగ్గాల వీధిలో లేచినట్టు లేచింది. "మీరు నన్ను నెత్తిన పెట్టుకున్యారు. నెత్తిన పెట్టుకున్నోళ్లతో ఎవురూ తప్పని చెప్పరు. మూడు నెల్లు చెప్పలా. మొదటి దినమే 'ఏమే, నీకు కండ్లు లేవా' అని ఉంటే సున్నం గీతలు తుడిచేసే వాళ్లం."

"అంత మాట మేమెట్లంటాం?"

"మేస్త్రీనైతే అనుంటారు గదా?"

అలివేలమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కుప్పయ్య కాగితాన్ని మడిచి, మళ్లీ విప్పి, మళ్లీ మడిచాడు. "నీ ఇష్టం," అన్నాడు. ఆమె వైపు చూడకుండా లోపలికి పోయాడు.

*

ఆమె దగ్గర సొంత లెటరుహెడ్డు లేదు. బాలసుబ్రమణ్యం తన ఆఫీసు కాగితం ఇవ్వనన్నాడు. "నా పేరు అందులో వద్దమ్మా," అన్నాడు. కానీ సెలవు మాత్రం అడక్కుండానే ఇచ్చాడు. తెల్లకాగితం మీద ఆమె ఇట్లా రాసింది:

చేతిమగ్గం పడుగును వీధిలోనే సాగదీస్తారన్న సంగతి ప్లాను గీసే ముందు నేను విచారించలేదు. అడిగి ఉంటే చెప్పేవాళ్లు. ఈ తప్పు సంఘానిది కాదు, మేస్త్రీది కాదు, నేను పనిచేసే ఆఫీసుది కాదు. సవరించిన ప్లాను జతపరిచాను. నాలుగు కుటుంబాల మంజూరు మారకుండా చూడవలసిందిగా ప్రార్థన.

కింద పేరు, రిజిస్ట్రేషను నంబరు.

చిత్తూరులో జిల్లా ఆఫీసుకు శుక్రవారం వెళ్లింది. అక్కడి ఇంజనీరు ఆఫ్తాబ్ యాభై ఏళ్ల మనిషి. కాగితం ఒకసారి చదివి, కుర్చీ వెనక్కి జరిపి, మళ్లీ చదివాడు.

"ఇట్ల రాసుకోని వచ్చినోళ్లను నా సర్వీసులో నేను సూడలేదమ్మా. ఎవరైనా వర్షం అంటారు, నేల అంటారు. మేస్త్రీ మీద నెడతారు. మా తాత మేస్త్రీనే. ఆయన మీద ఎన్ని నెట్టినారో." ఆయన పెన్ను తీసి, మూత తీయకుండా ఆగాడు. "నేను చేయగలిగేది ఏమీ లేదు. రూలు రూలే. రెండేళ్లు. మంజూరు పోకుండా మాత్రం సూస్తాను."

"అది చాలు సార్."

"రాయి?"

"ఏ రాయి సార్?"

"ప్రారంభానికి రాయి చెక్కించినారు గదా. నీ పేరుతో. అది పెట్టేదానికి ఉండదు."

ఆమె తల ఊపింది. బయటికి వచ్చి మెట్ల మీద కాసేపు కూర్చుంది. ఏడుపు వస్తుందనుకుంది గానీ రాలేదు. బాగా ఆకలేసింది. బస్టాండు దగ్గర రెండు ఇడ్లీలు తిని నగరి బస్సెక్కింది.

*

ఆదివారం నూలు గోడౌనులో సంఘం కూడింది. పాతికమంది వచ్చారు. ఉదయలక్ష్మి నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పింది. రెండేళ్ల సంగతి కూడా చెప్పింది. రాయి సంగతి చెప్పింది. తాయమ్మ గోడవైపు చూస్తూ కూర్చుంది. కుప్పయ్య ప్రెసిడెంటు కుర్చీలో చేతులు కట్టుకున్నాడు. నాలుగు రోజులుగా ఆయన ఆమెతో మాట్లాడటం లేదు.

"మళ్లా ప్లాను ఎవురు గీస్తారు?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

"గీసేసినా. చిత్తూరు ఆఫీసులో ఒప్పుకున్యారు. మీరు ఒప్పుకోవల్ల," అంది. ప్లాను కాగితాన్ని గోడకు తగిలించకుండా నేల మీద పరిచింది. కూర్చుని పెన్సిలు తీసుకుంది. "వీధి ఒక్కటేనా, ఇంకేమన్నా ఉండాదా?"

ఉబేద్ అల్లుకున్న వేళ్లు విప్పి మళ్లీ అల్లుకున్నాడు. అలివేలమ్మ కుప్పయ్య వైపు చూసింది. కుప్పయ్య పైకప్పు వైపు చూశాడు.

"అడగతా ఉండాది గదా," అన్నాడు ఆయన పైకప్పుతోనే. "నోర్లు లేవా మీకు?"

"కిటికీ," అంది అలివేలమ్మ. చెప్పేసి తనే ఉలిక్కిపడినట్టు చూసింది. ఆ తర్వాత ఆగలేదు. "మగ్గం గదిలో కిటికీ అంత ఎత్తున పెడితే ఎట్లమ్మే? వెలుగంతా నా నెత్తిన పడతాది, పోగుల మీద పడదు. ఇంకొంచెం కిందికి దించు."

"నీళ్ల గుంత," అన్నాడు ఉబేద్. "గుంత ఆడ ఉంటే రంగునీళ్లు మా పక్కింటోళ్ల తులసికోట కాడికి పోతాయి. ఇప్పుడు సెప్పకపోతే రేపు నాతో కొట్లాటకొస్తారు."

ఎవరో నవ్వారు. ఒకామె మరుగుదొడ్డి తలుపు వీధి వైపుకు తెరుచుకుంటుందని చెప్పింది. ఇంకొకాయన మెట్టు ఎత్తు గురించి చెప్పాడు, పుత్తూరులో కట్టు కట్టించుకుని వచ్చిన మోకాలు ముందుకు చాపి మరీ చూపాడు. "నీకు సదువుండాది గానీ కాపరం చేసిన తెలివి లేదే," అని ఒక ముసలామె అనేసింది. ఎవరూ ఆమెను ఊరుకోమనలేదు. ఉదయలక్ష్మి రాసుకుంటూ పోయింది. కాగితం అంచులు నిండాయి. చెవులు వేడెక్కాయి. ఒక్కొక్క మాట గుచ్చుకుంటూనే ఉంది, అయినా ఇంకా ఎవరైనా చెబుతారా అని తల ఎత్తుతూనే ఉంది.

తాయమ్మ వాళ్లకు ఆ కాలనీలో ఇల్లు లేదు. ఆమె నెమ్మదిగా జరిగి ప్లాను దగ్గరికి వచ్చింది. కాగితం మీద గీతలు ఆమెకు తెలియవు. "మగ్గం యాడ?" అని అడిగి, కూతురు చూపిన చోట వేలు పెట్టింది.

"నారాయణవనంలో మా యమ్మ మగ్గం గుంటలో కూసోని నేస్తాంటే వీధి తలుపు కనబడేది," అంది. "కనబడల్ల. నేసే ఆడమనిషి చేతులు ఇడిచి లేయలేదు. పసిబిడ్డ గడప దాటతా ఉందేమో కూసున్న కాడి నుంచే సూసుకోవల్ల. నువ్వు ఈడ గోడ పెట్టినావు."

ఉదయలక్ష్మి చూసింది. నిజమే, గోడ పెట్టింది. మగ్గం చప్పుడు వంటింట్లోకి రాకూడదని పెట్టింది.

"ఇదీ సున్నం గీతలు పోసిన దినమే తెలుసా నీకు?"

"తెలుసు," అంది తాయమ్మ.

ఉదయలక్ష్మి రబ్బరు తీసుకుని ఆ గోడను తుడవడం మొదలుపెట్టింది. మొదటి ఇంట్లో తుడిచాక రెండో ఇంటికి వచ్చింది. ఇంకా ముప్పై ఉన్నాయి.